జెట్ విమానంలో పావలా

మా మామయ్య 1969లో అమెరికా వెళ్తూ, విమానంలో ముందున్న బల్ల మీద పావలా బిళ్ళను అంచు మీద నిలబెట్టాడట. టీ తాగాడు, వాళ్ళిచ్చిన పేపరు చదివాడు, చిన్న కునుకు కూడా తీశాడు. లేచి చూస్తే బిళ్ళ అలాగే నిలబడి ఉందట. తెనాలి చుట్టుపక్కల మా అమ్మమ్మ ఈ కథ చెప్పని ఇల్లు లేదు. నేను కూడా పెళ్ళైన కొత్తలో మా ఆవిడకి గొప్పగా చెప్పుకున్నాను.

నాకు అప్పుడు పదకొండేళ్ళు. మామయ్యని ఎక్కించడానికి పన్నెండు మందిమి రైళ్ళు మారి బొంబాయి వెళ్ళాం. శాంతాక్రజ్‌లో కటకటాల వెనక నిలబడి చూశాను. నాలుగు ఇంజిన్ల బోయింగ్ 707. చెవులు మూసుకున్నా పొట్టలో మోగే చప్పుడు, వెనకాల నల్లటి పొగ. అమ్మమ్మ దణ్ణం పెడుతూ ఏడుస్తోంది. నేను మాత్రం ఇంజిన్లు లెక్కపెడుతున్నాను.

తర్వాత ఆర్టీసీలో మెకానికల్ వైపు చేరి, విజయవాడలో ముప్ఫై నాలుగేళ్ళు డీజిల్ ఇంజిన్లతోనే గడిపి రిటైరయ్యాను. ఇంజిన్ అన్నాక ఊగుతుంది, ఊగే బండిలో బిళ్ళ నిలబడదు. ఇది తెలిసీ మామయ్య మాట కాదనలేదు. మొన్న సియాటిల్‌లో మా అబ్బాయి దగ్గర మూడు నెలలున్నాక, తిరుగు ప్రయాణానికి ఎనిమిది రోజులుందనగా ఒక ఆలోచన వచ్చింది. ఆ 707లు పుట్టిన ఊళ్ళోనే ఉన్నాం కదా. అక్కడ మొదలుపెట్టి, వాషింగ్టన్‌లో వాటి మూలవిరాట్టుని చూసి, న్యూయార్క్‌లో విమానం ఎక్కుదాం అనుకున్నాను. న్యూజెర్సీలో మామయ్య ఎలాగూ ఉన్నాడు.

"కనకదుర్గమ్మ కొండకి రమ్మంటే మోకాళ్ళ నొప్పులంటారు, పాత విమానాలకైతే దేశం ఆ చివర దాకా పోతారు" అంది మా ఆవిడ. సామాను మాత్రం తనే సర్దింది.

మొదటి రోజు, రెంటన్

శనివారం కాబట్టి మావాడే కారులో తీసుకెళ్ళాడు. లేక్ వాషింగ్టన్ దక్షిణపు కొసన రెంటన్ ఉంటుంది. జీన్ కూలన్ పార్కులో నీళ్ళ మీదకి కట్టిన చెక్క దారి మీద నడిస్తే ఎదురుగా బోయింగ్ ఫ్యాక్టరీ షెడ్లు. ఇప్పుడక్కడ 737లు చేస్తారు. వాటి ఒళ్ళు మాత్రం కాన్సస్‌లోని విచిటాలో తయారై, రెక్కలు లేకుండా, ఆకుపచ్చ పూతతో రైలెక్కి వస్తుంది. మావాడు ఫోనులో ఫోటో చూపించాడు. గూడ్సు బండి మీద తలా తోకా లేని చేపల్లా ఉన్నాయి.

మా మామయ్య ఎక్కిన రకం కూడా ఈ షెడ్లలోనే పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బోయింగ్‌కి బాంబర్ల పని ఉంది గానీ ప్రయాణికుల విమానాల్లో పేరంతా డగ్లస్‌దీ లాక్‌హీడ్‌దీ. అప్పుడు కంపెనీ పెద్ద బిల్ అలెన్ ఎవరి ఆర్డరూ లేకుండా కోటీ అరవై లక్షల డాలర్లు సొంత డబ్బు పోసి ఒక జెట్ కట్టించాడు. దాన్ని డాష్ 80 అన్నారు. 1954 జూలై 15న ఈ రన్‌వే మీంచే మొదటిసారి లేచింది.

మరుసటి ఏడాది ఆగస్టులో ఈ సరస్సు మీద పడవ పందేలు. ఒడ్డున లక్షల జనం. విమాన కంపెనీల పెద్దలంతా పడవల్లో అలెన్ అతిథులుగా ఉన్నారు. టెక్స్ జాన్‌స్టన్ అనే టెస్ట్ పైలట్ ఆ ఒక్కగానొక్క డాష్ 80ని తక్కువ ఎత్తులో తీసుకొచ్చి, జనం నెత్తి మీద బొంగరంలా పక్కకి తిప్పి తలకిందులు చేసి మళ్ళీ నిలబెట్టాడు. సరిపోదన్నట్టు ఇంకోసారి. అలెన్ పక్కన కూచున్న స్నేహితుడి గుండె మాత్రలు అడిగాడంటారు. మర్నాడు పిలిచి ఏమిటా పనని నిలదీస్తే, విమానాలు అమ్ముతున్నానండీ అన్నాడట జాన్‌స్టన్. మా డిపోలో ఎవరైనా కొత్త బస్సుతో ఇలాంటి వేషం వేస్తే సాయంత్రానికి చార్జిషీటు చేతిలో ఉండేది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి పప్పుచారు.

రెండో రోజు, మ్యూజియం ఆఫ్ ఫ్లైట్

బోయింగ్ ఫీల్డ్ పక్కన ఉంటుందీ మ్యూజియం. వంతెన దాటితే, రాత్రి బస్సులన్నీ డిపోకి చేరినట్టు పెద్ద కప్పు కింద విమానాలు వరసగా ఆపి ఉన్నాయి. మొట్టమొదటి 747, మొట్టమొదటి 737, మొట్టమొదటి 727, ధ్వని కంటే వేగంగా పోయిన ఒక కాంకార్డ్. నేను వాటన్నిటినీ దాటుకుని తెల్లా నీలం రంగులున్న 707 దగ్గరికి వెళ్ళిపోయాను. అమెరికా అధ్యక్షుడి కోసం 1959లో వచ్చిన మొదటి జెట్ అది. ఐసెన్‌హోవర్, కెన్నెడీ, జాన్సన్, నిక్సన్ నలుగురూ ఎక్కారు. మెట్లెక్కి లోపలికి వెళ్ళనిస్తారు.

లోపల అడుగుపెట్టగానే తల వంచబోయాను. అక్కర్లేదు, ఎత్తు బాగానే ఉంది. నడవ మాత్రం సన్నం. ముందు భాగంలో రేడియోల బల్ల. మధ్యలో అధ్యక్షుడి గది, అద్దం పలక వెనక నుంచి చూడాలి. అధ్యక్షుడి గది అంటే ఏదో ఊహించుకున్నాను. బందరులో పాత వకీలు గారి ఆఫీసు గది అంత ఉందంతే, మడిచే బల్లా రెండు వరసల కుర్చీలూ. ప్రపంచాన్ని ఆడించినవాళ్ళు మోకాళ్ళు ముడుచుకునే కూచున్నారన్న మాట.

నాకు నచ్చింది కిటికీలు. చిన్నవి, దగ్గరదగ్గరగా, మూలలు గుండ్రంగా. ఎక్కడ కూచున్నా ఒకటో రెండో దక్కుతాయి. గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. ఆగి ఉన్న బండిలో ఏం తెలుస్తుంది! అయినా పాత అలవాటు. బస్సులో కూచోగానే కిటికీ రేకు మీద వేలు పెడితే ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు పోయాయో లేదో చెప్పేస్తాను.

అసలు జెట్ మహత్యమంతా ఇక్కడే ఉందని నా లెక్క. పిస్టన్ ఇంజిన్‌లో ముక్క పైకీ కిందకీ కొట్టుకుంటుంది. వెళ్ళి ఆగాలి, ఆగి వెనక్కి రావాలి, నిమిషానికి వేలసార్లు. దానికి తోడు బయట పంఖా గాలిని కొడుతుంది. పాత పెద్ద విమానాల్లో అలాంటివి నాలుగు. పన్నెండు పద్నాలుగు గంటలు ఆ ఊపులో కూచుని అట్లాంటిక్ దాటి దిగాక కూడా జనానికి చెవుల్లో హోరు పోయేది కాదు. జెట్‌లో టర్బైన్ ఒకే వైపు తిరుగుతుంది, ఆగడం వెనక్కి రావడం లేదు. పైగా ముప్ఫై వేల అడుగులు దాటి, మబ్బులూ వానలూ కిందే వదిలేసి పోతుంది. సగం సమయంలో చేరుస్తుంది. షాంపేన్లూ పట్టు కర్టెన్లూ అంతకు ముందు విమానాల్లోనూ ఉన్నాయి, కొన్నిట్లో పడుకోడానికి బెర్తులు కూడా. కొత్తగా వచ్చింది ఊగకపోవడం. ప్రకటనల వాళ్ళు ఇది బాగా పట్టుకున్నారు. పెన్సిల్ నిలబడుతుంది, నాణెం నిలబడుతుంది అని బొమ్మలు వేసేవాళ్ళు.

మెట్ల దగ్గర ఒక పెద్దాయన వాలంటీరుగా ఉన్నాడు. నా వచ్చీరాని ఇంగ్లిషులో పావలా కథ చెప్పి, నిజంగా నిలబడుతుందా అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నిలబడొచ్చు. కానీ మీ మామయ్యకి అంత స్థిరమైన చెయ్యి ఉందా?" అన్నాడు.

"డాక్టరండీ" అన్నాను. ఇక ఆయన ఏం మాట్లాడలేదు.

కాంకార్డ్‌లో కిటికీ నా అరచెయ్యంతే ఉంది. 2003లో ఇదే విమానం న్యూయార్క్ నుంచి ఇక్కడికి ఆఖరి ప్రయాణంగా 3 గంటల 55 నిమిషాల్లో వచ్చింది. మా ఆవిడ లోపల సీట్లు చూసి, "ఇంత ఇరుకులో కూచోడానికా అంతంత డబ్బు పోసింది?" అని గట్టిగానే అంది. ముందు నడుస్తున్న ఎవరో తెలుగు అమ్మాయి వెనక్కి తిరిగి నవ్వింది.

మూడో రోజు

ఎక్కడికీ వెళ్ళలేదు. సూట్‌కేసులు తూచడం, తీసెయ్యడం, మళ్ళీ తూచడం. మనవరాలు ఏడుపు. దాని గురించి రాయను.

నాలుగో రోజు, సియాటిల్ నుంచి వాషింగ్టన్

అయిదు గంటల ప్రయాణం. తినడానికి అరచేతిలో పట్టే బిస్కెట్ పొట్లం ఇచ్చారు. మా ఆవిడ పులిహోర డబ్బా తీసింది. పక్క సీటు కుర్రాడికి కూడా పెట్టింది, తిన్నాడు.

ఆ పొట్లం చూస్తే 1958 నాటి శాండ్‌విచ్ గొడవ గుర్తొచ్చింది. జెట్లు రాబోతున్నాయి, సీట్లు ఎక్కువ, నింపాలి. అందుకని ఆ ఏడాది అట్లాంటిక్ మీద ఎకానమీ అని చవక తరగతి పెట్టారు. చవక కాబట్టి భోజనం ఉండకూడదు, శాండ్‌విచ్ మాత్రమే అని కంపెనీల సంఘం కట్టుబాటు. స్కాండినేవియా విమానాల వాళ్ళు ఏం చేశారంటే, వాళ్ళ దేశాల్లో శాండ్‌విచ్‌కి పైన రొట్టె ఉండదు కదా, ఒకే రొట్టె ముక్క మీద చేపలూ మాంసమూ గుడ్లూ కూరలూ గుట్టగా పేర్చి అదే మా శాండ్‌విచ్ అన్నారు. పాన్ అమెరికన్ అనే అమెరికా విమాన కంపెనీ వాళ్ళు ఫిర్యాదు చేశారు. శాండ్‌విచ్ అంటే ఏమిటి అని పెద్ద పెద్దవాళ్ళు కూచుని పంచాయితీ చేసి, చివరికి జరిమానా వేశారు. మన పెళ్ళి భోజనాల్లో ఇలాంటి తగువులు చూశాను గానీ అంతర్జాతీయ స్థాయిలో వినలేదు.

చవక అంటే కూడా మన లెక్కలో కాదు. 1958 అక్టోబరు 26న పాన్ అమెరికన్ 707 న్యూయార్క్ నుంచి పారిస్‌కి మొదటిసారి ప్రయాణికులతో వెళ్ళింది. ఎకానమీ టికెట్ ఒక వైపుకే 272 డాలర్లు, పై తరగతి 505. అప్పట్లో అమెరికాలో మధ్యస్థ కుటుంబం ఏడాది ఆదాయం 5,100 డాలర్ల చుట్టూ. ఒక్క మనిషి వెళ్ళి రావాలంటే ఇంటి మొత్తానికి నెలకు పైగా సంపాదన. అందుకే కోట్లూ టోపీలూ చేతి తొడుగులూ. పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళారంటే వెళ్ళరా మరి! ఆ రోజుల్లో విమానంలో మర్యాద ఉండేది, ఇప్పుడు సంత అయిపోయింది అని వాపోయేవాళ్ళకి నాదొకటే ప్రశ్న. ఆ రోజుల్లో మీరు ఎక్కేవారా?

డల్లెస్‌లో దిగాక ఒక అదృష్టం. ఈ విమానాశ్రయం జెట్ల కోసమే ఖాళీ నేల మీద మొదటి నుంచి కట్టింది. కెన్నెడీ 1962 నవంబరులో ప్రారంభించాడు. జెట్లు పొడుగు, వాటి దగ్గరికి జనాన్ని నడిపించడం కష్టమని ఈరో సారినెన్ అనే ఆర్కిటెక్టుకి ఒక ఊహ వచ్చింది. వెయిటింగ్ హాలుకే చక్రాలు పెడితే? సుమారు వంద మంది పట్టే గది, ఎత్తైన చక్రాల మీద, నేరుగా విమానం తలుపు దాకా వెళ్తుంది. తర్వాత్తర్వాత అన్ని చోట్లా గొట్టాల దారులు వచ్చి ఈ ఊహ మూలపడింది గానీ, డల్లెస్‌లో మాత్రం ఒక భవనం నుంచి ఇంకో భవనానికి జనాన్ని మోయడానికి ఆ బళ్ళు ఇంకా తిరుగుతున్నాయి. మేమూ ఎక్కాం. కదలగానే నేల గుండా అరికాళ్ళకి ఊపు తెలిసింది. హాయిగా అనిపించింది. సస్పెన్షన్ చూడాల్సిన పని ఉందని మా ఆవిడతో అన్నాను. "దిగండి ముందు" అంది.

ఐదో రోజు, ఉద్వార్ హేజీ సెంటర్

స్మిత్‌సోనియన్ వాళ్ళ రెండో విమానాల మ్యూజియం ఇది, డల్లెస్ పక్కనే. ప్రవేశం ఉచితం. అంతరిక్ష నౌక డిస్కవరీ ఉంది, హిరోషిమా మీద బాంబు వేసిన విమానం ఉంది. జనం వాటి దగ్గరే. పసుపూ గోధుమరంగూ పూసుకున్న డాష్ 80 దగ్గర మేమిద్దరం, ఒక స్కూలు పిల్లాడు, అంతే.

రెంటన్‌లో లేచింది, సరస్సు మీద పల్టీ కొట్టింది, ఇదే. దీని కిందగా తోక వరకూ రెండుసార్లు నడిచాను. దీని ఒళ్ళు 132 అంగుళాల వెడల్పు. వరసకి అయిదు సీట్లు, అంటే మా పల్లెవెలుగు బస్సు లెక్కలో 3+2. పాన్ అమెరికన్ అధిపతి హువాన్ ట్రిప్‌కి అది సరిపోలేదు. 1955 అక్టోబరులో బోయింగ్‌కి 20 విమానాలు, ఇంకా కాగితం మీదే ఉన్న డగ్లస్ డీసీ 8కి 25 ఆర్డరిచ్చాడు. కాగితం విమానానికి ఎక్కువ, ఎదురుగా ఎగురుతున్నదానికి తక్కువ! బోయింగ్ వాళ్ళు దిగొచ్చి, డగ్లస్ కంటే ఒక అంగుళం ఎక్కువగా 148 అంగుళాలు చేశారు. వరసకి ఆరు సీట్లు పట్టాయి. నా ఉద్దేశంలో మనలాంటివాళ్ళు అమెరికా రావడానికి ఆ ఆరో సీటు కూడా కారణమే. సీటు పెరిగితే టికెట్ తగ్గుతుంది.

పిల్లాడు వెళ్ళిపోయాక కిటికీల కింద నిలబడి చాలాసేపు చూశాను. ఈ గుండ్రటి మూలల వెనక ఇంకొకరి కష్టం ఉంది. మొదటి జెట్ సర్వీసు అమెరికాది కాదు. 1952 మే 2న బ్రిటిష్ వాళ్ళ కామెట్ 36 సీట్లతో లండన్ నుంచి జోహాన్నెస్‌బర్గ్ బయల్దేరింది. ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది. సరిగ్గా ఏడాదికి, 1953 మే 2న, ఒక కామెట్ కలకత్తా డమ్‌డమ్‌లో లేచిన కాసేపటికే గాలివానలో ముక్కలైంది. 43 మంది పోయారు. తుపానుదే తప్పన్నారు. 1954 జనవరిలో ఇటలీ తీరంలో ఎల్బా దగ్గర మొదటి సర్వీసు నడిపిన ఆ విమానమే పడిపోయింది. ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర ఇంకోటి. అప్పుడు అన్నీ ఆపేశారు.

ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ని పెద్ద తొట్టెలో దింపి, లోపల నీళ్ళు నింపి ఒత్తిడి పెంచడం, తగ్గించడం, మళ్ళీ పెంచడం చేశారు. ఒక్కో పెంపూ తగ్గింపూ ఒక ప్రయాణం కింద లెక్క. అంతకు ముందు గాల్లో చేసినవీ తొట్టెలో చేసినవీ కలిపి మూడు వేల పైచిలుకు అయ్యేసరికి ఒక మూల దగ్గర రేకు చిరిగింది. లోహం అలసిపోయింది. ఇది మాకు కొత్త కాదు. లారీ కట్టల్లో ఆకు విరిగితే బరువు వల్ల విరిగిందంటారు డ్రైవర్లు. బరువు వల్ల కాదు, అన్నివేలసార్లు వంగి లేవడం వల్ల. విరిగిన చోట చూస్తే తెలుస్తుంది, పాత పగులు నల్లగా మురికి పట్టి ఉంటుంది, కొత్తగా తెగిన చోట మెరుస్తుంది. బ్రిటిష్ వాళ్ళు తెలుసుకున్నది దాచుకోలేదు. బోయింగూ డగ్లసూ నేర్చుకున్నాయి. కామెట్ కూడా మార్పులు చేసుకుని 1958 అక్టోబరు 4న, పాన్ అమెరికన్ కంటే మూడు వారాల ముందే, అట్లాంటిక్ మీద సర్వీసు నడిపింది. కానీ అప్పటికి ఆట చేజారిపోయింది.

మా ఆవిడ బెంచీ మీద నిద్రపోయింది. లేపలేదు.

ఆరో రోజు, న్యూజెర్సీ

వాషింగ్టన్ యూనియన్ స్టేషన్ నుంచి రైలు, మెట్రోపార్క్‌లో దిగాం. మామయ్యే కారు నడుపుకుంటూ వచ్చాడు, 82 ఏళ్ళ వయసులో. టెన్షన్ పడుతూ ఇల్లు చేరాం. అత్తయ్య పోయాక వంట నేర్చుకున్నాడట. గోంగూర పప్పు చేసిపెట్టాడు. ఉప్పు ఎక్కువైంది. ఎవరం అనలేదు.

ఏడో రోజు, కెన్నెడీ విమానాశ్రయం

మా విమానం మర్నాడు పొద్దున్న. ఒక రాత్రి విమానాశ్రయంలోనే ఉన్న టీడబ్ల్యూఏ హోటల్లో ఉందామనీ, మీరూ రావాలనీ మామయ్యని ఒప్పించాను. పక్కింటి కుర్రాడు దింపాడు. మామయ్య కోటూ టై వేసుకొచ్చాడు. ఎందుకు మామయ్యా ఈ ఉక్కలో అంటే, "ఎయిర్‌పోర్టుకి కోటు లేకుండా ఎలా వస్తార్రా?" అన్నాడు.

ఒకప్పుడు టీడబ్ల్యూఏ అనే విమాన కంపెనీ టెర్మినల్ ఇది, ఇదీ సారినెన్ కట్టిందే. డల్లెస్‌కి ఆర్నెల్ల ముందు, 1962 మేలో తెరిచారు. రెండూ చూడకుండానే 1961లో చనిపోయాడాయన. బయట నుంచి రెక్కలు విప్పిన పెద్ద కొంగలా ఉంటుంది. లోపల మూల అన్నదే లేదు. గోడ నేలవుతుంది, నేల మెట్లవుతుంది, మెట్లు బల్లవుతాయి. అంతా తెల్లటి చిన్న చిన్న గుండ్రటి పలకలు, అణా బిళ్ళలు పరిచినట్టు. మధ్యలో గుంటలాగా దింపి మిరపపండు రంగు సోఫాలు. గోడకి రాకపోకల బోర్డు ఉంది, అక్షరాలు టపటపమని తిరగబడతాయి. అది తిరిగినప్పుడల్లా హాల్లో ఉన్నవాళ్ళంతా మాటలాపి అటు చూస్తున్నారు. ఎవరి విమానమూ అందులో లేదు.

అందమైన కట్టడమే గానీ, పనికి తక్కువ. పంఖాల విమానాల కాలంలో గీసిన నక్షా, తెరిచేసరికి జెట్లు వచ్చేశాయి, కొన్నాళ్ళకి జంబోలు వచ్చాయి. జనం పట్టలేదు. 2001లో మూతపడింది. మళ్ళీ 2019లో హోటలుగా తెరుచుకుంది. ఇదే విమానాశ్రయంలోని పాన్ అమెరికన్ టెర్మినల్‌ని మాత్రం 2013లో పడగొట్టేశారు. కప్పు పళ్ళెంలా విమానాల మీదకి చాచుకుని ఉండేది, వానలో తడవకుండా ఎక్కొచ్చు.

మామయ్య గుంట సోఫాలో కూచుని చుట్టూ చూశాడు. "నేను దిగింది ఇక్కడ కాదురా. మాది అటుపక్క పెద్ద హాలు. ఇది బయట నుంచి చూసి ఎవరో మహారాజు బంగళా అనుకున్నాను."

సాయంత్రం వెనకాల ఆపి ఉంచిన విమానంలోకి వెళ్ళాం. లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్, 1958లో వచ్చింది. సరిగ్గా జెట్లు మొదలైన ఏడాది! పాపం, కొత్త పెళ్ళికొడుకు పీటల మీదకి వచ్చేసరికి ముహూర్తం దాటిపోయినట్టు. తర్వాత అలాస్కాకి సరుకులు మోసిందట, ఒక దశలో గంజాయి కూడా మోసిందట. ఇప్పుడు బారు. మామయ్యకి జింజర్ ఏల్, మాకు కాఫీ. ఎదురుగా చిన్న బల్ల ఉంది. జేబులోంచి క్వార్టర్ బిళ్ళ, అంటే అమెరికా పావలా, తీసి, ఊపిరి బిగబట్టి, అంచు మీద నిలబెట్టాను.

"మామయ్యా, మీ పావలా."

చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. "అది అబద్ధంరా."

"ఏది?"

"పావలా లేదు, గీవలా లేదు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు ఎవరో పాత ఇంగ్లిషు పత్రిక తెచ్చారు. అందులో జెట్ విమానం ప్రకటన, నాణెం నిలబడి ఉంది. అమ్మకి ఉత్తరం రాయడానికి ఏదో ఒకటి కావాలిగా."

మా ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టేసింది. "మరి అసలు ఏమైంది బాబాయ్ గారూ?" మామయ్యని తను మొదటి నుంచీ అలాగే పిలుస్తుంది.

"అమ్మాయ్, అసలు సంగతి చెప్తే మీ అమ్మమ్మగారు నన్ను మళ్ళీ విమానం ఎక్కనిచ్చేది కాదు. టికెట్‌కి రెండెకరాల మాగాణి తాకట్టు. దేశం దాటేవాడికి ఎనిమిది డాలర్ల కంటే ఇచ్చేవాళ్ళు కాదు, ఆ ఎనిమిదీ కోటు లోపలి జేబులో. ఉన్ని కోటు. పద్దెనిమిది గంటలో ఇరవై గంటలో, తియ్యలేదు. అటు పక్కాయన సిగరెట్టు, ఇటు పక్కాయన సిగరెట్టు. అప్పుడు అందరూ విమానంలోనే కాల్చేవాళ్ళు, చేతి కింద ఆష్‌ట్రే. బీరూట్ చేరేలోపు రెండు సంచులు నింపాను. ఆ తర్వాత ఇంకో రెండు. ఎయిర్‌హోస్టెస్ తడిగుడ్డ తెచ్చి నుదుటి మీద వేసింది. అప్పటి దాకా పరాయి ఆడమనిషి నా నుదురు తాకలేదు. ఇది రాయనా అమ్మకి?"

"కిటికీ లోంచి ఏమీ చూడలేదా?"

"చూశాను, రెక్క." ఒక గుక్క తాగాడు. "జెనీవా దగ్గర పడుతుంటే పైలట్ మైకులో చెప్పాడు, మాంట్ బ్లాంక్ కనిపిస్తోందని. అందరూ అటు వంగారు. నేను కళ్ళు మూసుకున్నాను."

ఎందుకని అడగక్కర్లేదు. అంతకు మూడేళ్ళ ముందు, 1966 జనవరి 24న, ఎయిర్ ఇండియా వాళ్ళ 707, కాంచనజంగ అని పేరు, ఆ కొండనే గుద్దుకుంది. 117 మంది. అందులో హోమీ భాభా ఉన్నాడు. ఎయిర్ ఇండియా తన 707లకి హిమాలయ శిఖరాల పేర్లు పెట్టేది. 1962కల్లా పంఖాల విమానాలన్నీ తీసేసి, ప్రపంచంలో జెట్లు మాత్రమే నడిపే మొదటి సంస్థ అని పేరు తెచ్చుకుంది. ఆ గర్వం ఒకవైపు, ఆ కొండ ఒకవైపు. శాంతాక్రజ్‌లో అమ్మమ్మ ఎందుకంత ఏడ్చిందో నాకు ఇన్నేళ్ళకి తట్టింది.

"అయినా ఒక మాట చెప్పాలిరా" అన్నాడు మామయ్య. "ఇక్కడ దిగేటప్పుడు తలుపు దగ్గర నిలబడ్డాను చూడు. ఎండ. చల్లగాలి. కోటు నలిగిపోయింది, నా మీద నాకే వాసన. అయినా ఆ ఒక్క నిమిషం నాగేశ్వర్రావుననుకున్నాను."

బల్ల మీద బిళ్ళ ఇంకా నిలబడే ఉంది. బిల్లు తెచ్చిన అమ్మాయి దాన్ని టిప్పు అనుకుని తీసుకుని, ఒక్క క్వార్టరేనా అన్నట్టు చూసింది. మామయ్య ఇంకో అయిదు డాలర్లు పెట్టాడు.

ఎనిమిదో రోజు, ఇంటికి

మామయ్య సెక్యూరిటీ గీత దాకా వచ్చాడు. ఈసారి ఎక్కించడానికి ఒక్కడే. "మళ్ళీ ఎప్పుడొస్తార్రా" అన్నాడు, జవాబు కోసం ఆగలేదు.

అట్లాంటిక్ మీద, దీపాలు తగ్గించాక, మా ఆవిడ పడుకున్నాక, ముందు బల్ల దింపాను. కొద్దిగా ఏటవాలుగా ఉంది. నాప్కిన్ మడిచి బోర్డింగ్ పాసు కింద పెట్టి మట్టం చేశాను. గోడ మీద వేలు పెట్టి చూస్తే ఊపు లేనట్టే ఉంది. మామయ్య ఇచ్చిన క్వార్టర్ తీసి నిలబెట్టాను. పడింది. మళ్ళీ పెట్టాను. పడింది. అయిదోసారి నిలబడింది. నలభై దాకా లెక్కపెట్టి ఉంటాను, ముందాయన సీటు వెనక్కి వాల్చాడు. బిళ్ళ ఎవరి కాళ్ళ కిందకో దొర్లిపోయింది. దిగేటప్పుడు వెతికినా దొరకలేదు.

హైదరాబాదులో దిగి, ఫోన్ ఆన్ చేసి, మామయ్యకి మెసేజ్ పెట్టాను: "క్షేమంగా చేరాం. టీ తాగి, ఒక కునుకు తీసి లేచినా బిళ్ళ అలాగే నిలబడి ఉంది."